వైరస్‌కు స్థానికత

డాక్టర్ పూర్ణానందం చేసిన తప్పల్లా నిజాన్ని అవసరానికి మించి వివరంగా రాయడం. ‘పందులకు జ్వరం తగిలింది, టీకా మందు పంపగలరు’ అని రెండు ముక్కలు రాసి పడేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఆయనకు చదువుకునే రోజుల నుంచీ ఒక జబ్బు ఉంది. ఏ విషయమైనా పుట్టుపూర్వోత్తరాలతో సహా చెబితే తప్ప తిన్నది అరగదు. పశువైద్యాధికారిగా ఎన్ని ఊళ్లు తిరిగినా, పైఅధికారుల చేత ఎన్ని చీవాట్లు తిన్నా, ఆ జబ్బు మాత్రం నయం కాలేదు.

ఆయన పనిచేసే నాగలేరు జిల్లా కొత్తగా పుట్టింది. వెనక ఒకే పెద్ద జిల్లాగా ఉన్నదాన్ని ఏటికి ఇటువైపు నాగలేరు, అటువైపు కొండవాగు అని రెండు ముక్కలు చేశారు. బల్లలు, బీరువాలు పంచుకున్నారు. ఒక పాత జీపు దగ్గర మాటామాటా పెరిగి, జీపు అటూ దాని స్టెప్నీ ఇటూ వచ్చాయి. ఆ స్టెప్నీ ఇప్పటికీ నాగలేరు కలెక్టరాఫీసు వరండాలో ఉంది. పంపకాలు అయిపోయాయి గానీ పౌరుషాలు అట్లాగే మిగిలిపోయాయి.

ఏటి ఒడ్డున చింతలదిబ్బ అనే ఊరు, ఆ ఊరి చివర ఎరుకల కాలనీ. అక్కడ మానుపాటి అంకమ్మ పందులు పెంచుతుంది. మొగుడు పోయాక ఇల్లు గడిచింది ఆ పందుల మీదే. వాటికి పేర్లు పెట్టి పిలుస్తుంది, తిడుతుంది, జ్వరమొస్తే పక్కనే కూర్చుని కన్నీళ్లు పెట్టుకుంటుంది. ఒకనాటి పొద్దున ఆమె పశువుల ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉంది.

“సారూ, తెల్లారి చూసేతలికి రెండు పడిపోయినై. ఇంకో నాలుగు ఎనక కాళ్లు ఈడస్తన్నాయి. చెవులు వంకాయ రంగుకి తిరిగినై. మీరొచ్చి చూడందే నేను ఈడనించి లెయ్యను.”

పూర్ణానందం వెళ్లి చూశాడు. చూడగానే అర్థమైంది. పందుల జ్వరం. ఆంగ్లంలో స్వైన్ ఫీవర్ అంటారు. మనుషులకు అంటదు గానీ పందుల్ని మాత్రం వరసపెట్టి ఊడ్చేస్తుంది. టీకా ఉంది. ఇంకా జబ్బు పడనివాటికి వెంటనే పొడిస్తే చాలావరకు దక్కుతాయి. ఆ టీకా మందు జిల్లా ఆఫీసులో ఉన్న పెద్ద ఫ్రిజ్‌లో దండిగా ఉంది. ఆ ఫ్రిజ్‌కూ అంకమ్మ దొడ్డికీ మధ్య ఉన్నదల్లా ఒక గంట ప్రయాణం.

“భయపడమాకు అంకమ్మా. మంచివాటిని ఈ పక్కకి తోలి వేరే కట్టెయ్. మందు తెస్తాను” అని చెప్పి వచ్చాడు.

నమూనాలు లేబొరేటరీకి వెళ్లాయి, ఫలితం వచ్చింది. జ్వరం సంగతి ఖాయమైంది. దాంతోపాటు వైరస్ జన్యువులను చదివి, అది ఏ శాఖకు చెందిందో కూడా లేబొరేటరీ వాళ్లు రాసి పంపారు. పూర్ణానందానికి అదే కావలసింది. ఆ రాత్రి భోజనం కూడా పక్కన పెట్టి పెద్ద నివేదిక రాశాడు. ‘ఈ వైరస్ తన నకలు తాను రాసుకుంటుంది. రాసుకునేటప్పుడు తప్పులు దొర్లుతాయి. తప్పులు పోగుపడి కొత్త శాఖలు పుడతాయి. ఒకే దొడ్డిలో రెండు పందుల నుంచి తీసిన వైరస్‌లలో సైతం చిన్న చిన్న తేడాలు కనబడుచున్నవి. ప్రస్తుత రకము ఏటి అవతల లోగడ కనుగొన్న రకమునకు అతి సమీప బంధువు’ అని రాసి, కింద కొమ్మలూ రెమ్మలతో ఒక వంశవృక్షం కూడా గీశాడు. ఆ బొమ్మ చూసుకుని కాసేపు ముచ్చటపడ్డాడు.

మర్నాడు జిల్లా ఆఫీసులో అందరూ జేడీ గారనే జాయింట్ డైరెక్టర్ త్రివిక్రమరావు గారు పిలిపించారు.

“పూర్ణానందం గారూ, మీ నివేదిక ఆసాంతం పరిశీలించాను. చాలా ప్రమాదకరంగా ఉంది.”

“అవునండీ, ఈ రకం చాలా తొందరగా వ్యాపిస్తోంది. ఇవాళే టీకాలు...”

“వైరస్ సంగతి కాదండీ నేననేది. నాలుగో పేరా. అవతలి జిల్లాకు సమీప బంధువు అని స్వహస్తాలతో రాశారు. అనగా ఇది మన జిల్లా వైరస్ కాదని మీరే ధ్రువీకరించారు.”

“బంధువంటే వంశం దగ్గరిదని అర్థమండీ. దానికి జిల్లాలేమిటి?”

“జిల్లాలు లేనిది ఎవరికండీ? ఈ టీకా మందు నాగలేరు జిల్లా అవసరాల నిమిత్తం కేటాయించబడింది. స్థానికేతర వైరస్ మీద ప్రయోగించితిమా, రేపు ఆడిట్ వారికి సంజాయిషీ చెప్పుకోవలసినవాణ్ణి నేను. కొండవాగు వైరస్‌కు కొండవాగు వారే మందు వేసుకోవాలి.”

“ఏ శాఖ వైరస్ అయినా ఈ టీకా పనిచేస్తుందండీ.”

త్రివిక్రమరావు గారు జాలిగా నవ్వారు. “పనిచేయడం వేరు, వర్తించడం వేరు” అన్నారు.

జేడీ గారే ఉపాయం చెప్పారు. “మనసుంటే మార్గముందండీ. ఉద్యోగాలకు, కాలేజీ సీట్లకు స్థానికత ఎట్లా తేలుస్తున్నాం? ఏడేళ్లు ఇక్కడ నివాసముంటే స్థానికుడు. మీ వైరస్ ఏడేళ్లుగా ఇక్కడే ఉందని రెవెన్యూ వారి చేత ఒక సర్టిఫికెట్ తెండి. ఆ పూటే మందు విడుదల చేస్తాను. చేయకపోతే నా పేరు త్రివిక్రమరావు కాదు.”

పూర్ణానందం ఆ మధ్యాహ్నమే తహసీల్దారు కాంతిమతి గారి ఎదుట నిలబడ్డాడు. ఆమె మంచి మనిషి. నిబంధనలో ఉంటే ప్రాణమైనా ఇస్తుంది, లేకపోతే మంచినీళ్లు కూడా ఇవ్వదు. దరఖాస్తు అటూ ఇటూ తిప్పి చూసింది.

“తండ్రి పేరు గడి ఖాళీగా ఉందండీ.”

“వైరస్‌కు తండ్రి ఉండడండీ. తన నుంచి తానే పుడుతుంది.”

“‘స్వయంభువు’ అని రాయండి. దేవాదాయం ఫైళ్లలో రాస్తుంటాం, చెల్లుతుంది. ఫోటో?”

ఆయన లేబొరేటరీ వారు మైక్రోస్కోపులో తీసిన ఫోటో ఇచ్చాడు. బూజు పట్టిన బఠాణీ గింజలా ఉంది. కాంతిమతి గారు అద్దాలు తుడుచుకుని మరీ చూసింది.

“రెండు చెవులూ కనబడాలండీ. లేకపోతే కంప్యూటర్ తీసుకోదు.”

“దీనికి చెవులు లేవండీ.”

“వికలాంగుల కోటా పెట్టమంటారా?”

పూర్ణానందం ఆమె ముఖంలోకి చూశాడు. వేళాకోళమేమోనని. కాదు, నిజంగానే సాయం చేయాలని అడుగుతోంది. వద్దులెండి, మామూలుగానే పెట్టండి అన్నాడు. దరఖాస్తుదారు మైనరు కిందకు వస్తాడని తేల్చి, సంరక్షకుడి స్థానంలో పూర్ణానందం చేత సంతకం చేయించుకుంది.

రెండు రోజులకు విచారణకని వీఆర్వో చలమయ్య అంకమ్మ దొడ్డికి వచ్చాడు. అప్పటికి ఆ నాలుగూ చచ్చి, ఇంకో మూడు చెవులు వేలాడేశాయి. చలమయ్య ముక్కుకు రుమాలు కట్టుకుని, నులక మంచం మీద కూర్చుని, పంచనామా మొదలుపెట్టాడు.

“ఈ వైరస్ నీ దొడ్లో ఎప్పట్నించి ఉంటందమ్మా?”

“నాకేం తెలుసయ్యా, నాకు చెప్పి వచ్చిందా?” అంది అంకమ్మ.

“గుర్తు తెచ్చుకో. ఇంతకు ముందెప్పుడన్నా ఇట్టాగే చచ్చినయ్యా?”

“ఎందుకు చావలేదు! మా ఆయన పోయిన ఏడు సగానికి సగం పోయినై. ఏడేళ్లు దాటిపోయిందిప్పటికి. అప్పుడూ ఈ సారు లాంటి సారే ఒకాయన వచ్చి నెత్తురు తీసుకపోయాడు. మళ్లా కనపడలా.”

పూర్ణానందానికి ప్రాణం లేచి వచ్చింది. “రాసుకోండి, ఏడేళ్లు” అన్నాడు.

“రాస్తన్నా. మరి నడవడిక ఎట్టాంటిది?”

“నా పందుల్ని తినేస్తంది. ఇంకేం నడవడిక కావాలయ్యా నీకు?”

‘ఇరుగుపొరుగుతో సఖ్యత అంతంత మాత్రము’ అని రాసుకున్నాడు చలమయ్య. తర్వాత పూర్ణానందం వైపు తిరిగి, వృత్తి ఏమిటని అడిగాడు.

“పందుల మీద ఆధారపడి బతకడం.”

‘వృత్తి: పందుల పెంపకము’ అని రాశాడు. నివాసం దగ్గర ఇంటి యజమాని ఎవరన్న ప్రశ్న వచ్చింది. దొడ్డి ఉన్నది ఏటి పోరంబోకులో కాబట్టి యజమాని గడిలో గీత కొట్టి, నివాసి గడిలో వైరస్ పేరు రాశాడు. అది పైకి చదివి వినిపించి, అంకమ్మ చేత వేలిముద్ర వేయించుకుని, దొడ్డి తడికకు ఒక నోటీసు అంటించాడు. సదరు వైరస్‌కు స్థానికత మంజూరు చేయుటపై ఎవరికైనా అభ్యంతరములున్నచో పదిహేను రోజులలోగా తెలియజేయవలెనని దాని సారాంశం.

“పదిహేను రోజులా? అప్పటికి నా దొడ్లో అభ్యంతరం చెప్పేదానికి ఏ పందీ మిగలదు” అంది అంకమ్మ. పూర్ణానందానికి సిగ్గేసింది. ఆయన వంతు అభ్యంతరం కూడా ఎక్కడ చెప్పాలో ఆయనకు తెలియలేదు.

ఏడేళ్ల కిందటి ఆ నెత్తురు నమూనా లేబొరేటరీలో దొరికింది. దాని జన్యువులూ, ఇప్పటి జన్యువులూ పక్కపక్కన పెట్టి కాగితం పంపారు. దాన్ని చేత్తో పట్టుకుని పరుగున వెళితే కాంతిమతి గారు తల అడ్డంగా ఊపింది.

“ఈ రెండింటికీ చాలా చోట్ల తేడాలున్నాయి కదండీ. అప్పటి వ్యక్తి, ఇప్పటి వ్యక్తి ఒకరు కాదు.”

“ఒకటేనండీ. ఏడేళ్లలో మారింది. ఆ వంశమే ఇది.”

“మారితే ఎట్లాగండీ? ఏడేళ్లు ‘నిరంతరాయంగా’ నివాసం ఉండాలని రూలు. ఇందులో ఉన్నవాడు వెళ్లిపోయాడు, వేరేవాడు వచ్చాడు. పైగా మీ నివేదికలోనే ఉంది, పందికీ పందికీ తేడా అని. అట్లా అయితే పందికొక దరఖాస్తు పెట్టుకోవాలి.”

“అమ్మా, మారడమే దాని బతుకు. ఏడేళ్లు మారకుండా ఉండే వైరస్ భూమ్మీద లేదు. మీ లెక్కన ఏ వైరస్ ఎక్కడా ఎప్పటికీ స్థానికం కాదు.”

కాంతిమతి గారు ఆ కాగితాన్ని ఫైలులో పెట్టి దారం కట్టింది. “అందుకేనేమోనండీ, ఇంతవరకు ఒక్క వైరస్ కూడా దరఖాస్తు పెట్టుకోలేదు” అంది.

పూర్ణానందానికి ఒళ్లు మండింది. తిన్నగా కలెక్టర్ గారి దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాడు. కలెక్టర్ గారు యువకుడు, చురుకైనవాడు, ఏ సమస్యనైనా మీటింగు పెట్టి పరిష్కరించగలడు. రెండు జిల్లాల అధికారులూ ఏటి వంతెన మధ్యన సమావేశమై తేల్చుకోవాలని ఆదేశించాడు. వంతెనకు సరిగ్గా నడిమధ్యన బల్ల వేశారు. ఇటు త్రివిక్రమరావు గారు, అటు కొండవాగు జేడీ ముకుందం గారు. వెనక జిల్లా ఒకటిగా ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఒకే కారియర్‌లో తిన్నవాళ్లే. ఇప్పుడు ఎవరి మంచినీళ్ల సీసా వారు తెచ్చుకున్నారు.

“మీ వైరస్‌ను మీరు తీసుకువెళ్లగలరు” అన్నారు త్రివిక్రమరావు గారు మర్యాదగా.

“పొరపాటు. అది మా వైపు కేవలం పర్యటనకు వచ్చింది. తమ జిల్లాలో కుటుంబంతో సహా స్థిరపడింది. పంచనామా కూడా ఉన్నదట” అన్నారు ముకుందం గారు.

“ఏడేళ్ల క్రిందట జిల్లా ఒకటే. కనుక ఇది ఉమ్మడి ఆస్తి. విభజన నిష్పత్తి ప్రకారం అరవై పాళ్లు తమవి, నలభై మావి.”

“అప్పు అయితే అరవై నలభై, ఆస్తి అయితే నలభై అరవై అని తమరే లోగడ వాదించారు. ముందు వైరస్ అప్పో ఆస్తో తేల్చండి.”

పూర్ణానందం ఉండబట్టలేక మధ్యలో దూరాడు. “అయ్యా, ఎవరిదైనా సరే. ఎవరో ఒకరు మందు ఇవ్వండి. అక్కడ పందులు చచ్చిపోతున్నాయి.”

ఇద్దరు జేడీలూ ఏకకాలంలో ఆయన వైపు చూశారు. జిల్లాలు విడిపోయాక వాళ్లిద్దరూ ఏకమైంది ఆ ఒక్క క్షణమే. ఈ డాక్టరుకు సభామర్యాద తెలియదని ఇద్దరూ ఒప్పుకుని, వైరస్‌ను అవిభక్త ఆస్తుల జాబితాలో చేర్చి, తుది పరిష్కారం అయ్యేంతవరకు యథాతథ స్థితి కొనసాగించాలని తీర్మానించి లేచారు. యథాతథ స్థితి అంటే పందులు చస్తూ ఉండటమే.

ఇంతవరకు ఒక దారిన నడుస్తున్న కథ, ఢిల్లీ నుంచి వచ్చిన ఒక ప్రకటనతో అడ్డం తిరిగింది. పందుల వైరస్‌ల వైవిధ్యం మీద జాతీయ పరిశోధనా కేంద్రం ఒకటి పెడతారట. భవనాలు, క్వార్టర్లు, ఉద్యోగాలు. వైరస్ ఏ జిల్లాలో ఎక్కువ శాఖలుగా వర్ధిల్లితే, ఏ జిల్లాకు అది స్థానికమని రుజువైతే ఆ జిల్లాకే కేంద్రం. పేపర్లో ఆ వార్త పడిన పొద్దునకల్లా నాగలేరు జిల్లాలో గాలి మారిపోయింది. నిన్నటి దాకా అవతలి వాళ్ల పీడగా ఉన్న వైరస్ తెల్లారేసరికి మన బిడ్డ అయింది.

బజారులో బ్యానర్లు కట్టారు. ‘మన వైరస్ మనకే’ అన్నారు. వైరస్ సాధన సమితి ఏర్పడింది, మర్నాటికి అందులో రెండు చీలికలు వచ్చాయి. లాయర్లు కోర్టు బహిష్కరించారు. టీచర్లు పిల్లలతో మానవహారం కట్టించారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. పులిహోర బాగుందని బస్సుల్లో ఆగిపోయినవాళ్లు కూడా మెచ్చుకున్నారు. ఒక నాయకుడు శిబిరంలో గొంతు బొంగురుపోయేలా మాట్లాడాడు. “తాతముత్తాతల నాటి నుంచి ఈ గడ్డను నమ్ముకుని, ఈ నీళ్లు తాగి, ఈ గాలి పీల్చి పెరిగిన వైరస్ అది! దాన్ని అవతలి వాళ్లు ఎగరేసుకుపోతామంటే చూస్తూ ఊరుకోవడానికి మనం చేతులకు గాజులు తొడుక్కోలేదు!” అన్నాడు. అవతలి ఒడ్డున సరిగ్గా అదే మాట ఇంకో నాయకుడు అంటున్నాడు.

పూర్ణానందానికి మాత్రం లోలోపల సంతోషం వేసింది. వైరస్ స్థానికమే అని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు కదా, ఇక మందు రావడానికి అడ్డేమిటి? ఆ ధీమాతోనే ఐస్ పెట్టె కూడా వెంటబెట్టుకుని జేడీ గారి గదిలోకి వెళ్లాడు.

త్రివిక్రమరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “మతి ఉండే మాట్లాడుతున్నారా? టీకాలు వేస్తే వైరస్ ఏమవుతుంది?”

“పోతుందండీ.”

“కేంద్ర బృందం వచ్చేనాటికి చూపించడానికి ఏం మిగులుతుంది? అవతలి జిల్లా వాళ్లు శాఖలు తొమ్మిది అంటున్నారు. మనకు ఏడే. ఈ స్థితిలో స్థానిక వైరస్ మీద చర్య తీసుకోమంటారా? ఇన్నాళ్లు స్థానికేతరం కనుక మందు వర్తించలేదు. ఇప్పుడు స్థానికం కనుక మందు నిషేధం. ఇంత స్పష్టంగా ఉన్న విషయం మీకు ఎందుకు అర్థం కాదు? ఇంకో రెండు శాఖలు పుట్టేలా చూడండి, చాతనైతే.”

ఆ ఐస్ పెట్టె ఖాళీగానే చింతలదిబ్బ చేరింది. పూర్ణానందం అంకమ్మ దొడ్డి ముందు బండి ఆపి, లోపల ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాడు. మిగిలినవి పదో పన్నెండో. వాటిలో చూలుతో ఉన్న తల్లిపంది ఒకటి బురదలో పడుకుని తోక ఆడిస్తోంది.

“మందు ఇయ్యనన్నారా?” అంది అంకమ్మ.

“ఇవ్వనన్నారు.”

“అప్పుడేమో అది మనది గాదన్నారు, ఇయ్యలేదు. ఇప్పుడు మనదే అంటన్నారు, ఇయ్యలేదు. పోనీ ఇయ్యాలంటే అది ఎవరిది కావాలంటా?”

ఆ ప్రశ్న విన్నాక పూర్ణానందం అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. ఏటి అవతలి వైపు చూశాడు. ఉన్నట్టుండి లేచి, “అంకమ్మా, అవతలి ఒడ్డున నీకెవరన్నా ఉన్నారా?” అని అడిగాడు.

“మా ఆడబిడ్డ ఉంది. ఏం?”

కొన్నాళ్లలోనే కాంతిమతి గారు సర్టిఫికెట్ మంజూరు చేసింది. నిరంతరాయ నివాసం, ఒకే వ్యక్తి కాకపోవడం, తండ్రి పేరు లాంటి అభ్యంతరాలన్నీ పైనుంచి వచ్చిన ఒక్క ఫోన్‌తో సమసిపోయాయి. అంకమ్మ దొడ్లోనే షామియానా వేసి, కొబ్బరికాయ కొట్టి, జిల్లా అంతటికీ తొలి వైరస్ స్థానికుడికి శాలువా కప్పారు. శాలువా కప్పడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి వైరస్ ఉన్న సీసాకే కప్పారు. సంరక్షకుడు కాబట్టి పక్కన పూర్ణానందాన్ని నిలబెట్టి ఫోటో తీశారు.

ఆ ఫోటో అవతలి జిల్లా పేపర్లో కూడా పడింది. ముకుందం గారు దాన్ని చూసి మంచినీళ్ల సీసా గోడకేసి కొట్టారు. వైరస్ ఎలాగూ మనకు దక్కలేదు, అయితే నాగలేరు వాళ్ల వైరస్ ఒక్కటి కూడా మన గడ్డ మీద బతకడానికి వీల్లేదని శపథం పట్టి, ఏటి ఒడ్డు పొడవునా సరిహద్దు టీకాల శిబిరాలు తెరిచారు. ఫ్రిజ్‌లో ఏం ఉంటే అది బయటికి తీశారు. ఏ పంది కనబడితే ఆ పందిని పట్టుకుని పొడవమన్నారు. పూర్ణానందం ఎదురుచూసింది ఈ కడుపుమంట కోసమే.

ఆయన జబ్బు లక్షణాలు లేని పందుల్ని ఒక్కొక్కదాన్నీ పట్టి చూసి, జ్వరం కొలిచి వేరు చేశాడు. ఏట్లో నీళ్లు మోకాళ్ల దాకే ఉన్నాయి. అంకమ్మ ముందు, పందులు నడుమ, వెనక ప్యాంటు పైకి మడుచుకుని పూర్ణానందం. అవతలి ఒడ్డున కుర్ర డాక్టరు ఒకడు సిరంజితో నిలబడి ఉన్నాడు.

“ఎవరి పందులమ్మా ఇవి?”

“మా ఆడబిడ్డయి” అంది అంకమ్మ.

“నాగలేరు వైపు నుంచి వస్తున్నాయే?”

“ఆడ ఉండలేక వస్తన్నాయి నాయనా. ఆ వైరస్‌కి శాలువాలు కప్పతన్నారు.”

కుర్ర డాక్టరు మొహం వెలిగిపోయింది. ఆ సాయంత్రమే కొండవాగు జిల్లా పత్రికా ప్రకటన విడుదల చేసింది. నాగలేరు జిల్లాలో వైరస్ పాలన భరించలేక పందులు తమ జిల్లాను ఆశ్రయించాయని, వాటికి సకల సదుపాయాలూ కల్పిస్తున్నామని ముకుందం గారు చెప్పారు. పందులన్నీ టీకాలు వేయించుకుని, ఆడబిడ్డ దొడ్లో విడిగా ఉండిపోయాయి. ఒక్కటి తప్ప అన్నీ దక్కాయి. ఆ తల్లిపంది అక్కడే ఈనింది. పిల్లలన్నీ బతికాయని అంకమ్మ కబురు చేసిన రోజు పూర్ణానందం ఎన్నాళ్లకో కడుపు నిండా అన్నం తిన్నాడు.

జబ్బుతో ఇవతలే ఉండిపోయినవి చచ్చిపోవడంతో, కేంద్ర బృందం వచ్చేసరికి చింతలదిబ్బలో పందీ లేదు, పందిని పట్టుకున్న వైరసూ లేదు. త్రివిక్రమరావు గారి ముఖం పాలిపోయింది. బృందానికి పెద్దగా వచ్చినాయన ఖాళీ దొడ్డిని చూసి, వైరస్ ఎక్కడుందని అడిగాడు. త్రివిక్రమరావు గారు రెండు చేతులతో సర్టిఫికెట్ అందించారు. ఆ పెద్దాయన దాన్ని వెలుతురుకు పెట్టి, గుండ్రటి ముద్రను వేలితో తడిమి చూసి సంతృప్తిపడ్డాడు.

“ఇది ఉంటే చాలు. అది అటూ ఇటూ తిరిగేది. దాన్ని చూసి మేం మాత్రం ఏం చేస్తాం?” అన్నాడు.

పరిశోధనా కేంద్రం నాగలేరుకే మంజూరైంది. వైరస్ శాశ్వత నివాసమైన అంకమ్మ దొడ్డి చుట్టూ ముళ్లకంచె వేసి, గేటు పెట్టి, శంకుస్థాపన రాయి పాతి, నీలం చొక్కా తొడిగిన గార్డును ఒకణ్ణి కూర్చోబెట్టారు. గేటుకు బోర్డు తగిలించారు. ‘స్థానికులకు తప్ప ఇతరులకు ప్రవేశము లేదు.’ ఆమె గుడిసె, కుడితి తొట్లు, ఆరేసిన చీర అన్నీ కంచె లోపలే ఉండిపోయాయి.

గండం గడిచిందని పూర్ణానందం చెప్పాక అంకమ్మ పందుల్ని తోలుకుని ఏరు దాటి వచ్చింది. పిల్లలు తల్లి కాళ్ల సందుల్లో పరుగెడుతున్నాయి. ఆయన కూడా ఎదురు వెళ్లి వెంట వచ్చాడు. గేటు దగ్గర గార్డు లాఠీ అడ్డం పెట్టాడు.

“ఏడకి?”

“ఇంటికి.”

“ఇది ఇల్లు కాదు, పరిశోధనా కేంద్రం. స్థానికులైతేనే లోపలికి. సర్టిఫికెట్టు ఉందా?”

“నేను ఈడే పుట్టా నాయనా. ఆ కనపడే గుడిసె నాదే. ఆ తాడు మీద ఆరతన్న చీర గూడా నాదే.”

“చీరకి ముద్ర ఉండదు గదమ్మా. నీ పేరు మీద కాగితం ఉండాల. నాకిచ్చిన జాబితాలో ఈడ ఉండేది వైరస్ ఒక్కటే.”

అంకమ్మ పందుల వైపు చూసింది, గుడిసె వైపు చూసింది. పందుల కోసం తప్ప ఏడవని మనిషికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెంటనే కొంగుతో తుడుచుకుని గొంతు పెంచింది.

“అయితే దాన్నే పిలువు! ఏడేళ్లు నా దొడ్లో పడి నా పందుల్ని తిన్నది గదా. నేనెవర్నో దాన్నే అడుగు, చెప్పిద్ది!”

గార్డు బిక్కమొహం వేసి పూర్ణానందాన్ని చూశాడు. ఆమె అన్నది ఆయనకు ఎక్కడో గట్టిగా తగిలింది. బండి సంచిలోంచి కాగితం తీసి, శంకుస్థాపన రాయి మీద పెట్టుకుని రాశాడు. ఈసారి పుట్టుపూర్వోత్తరాలేమీ లేవు.

‘చింతలదిబ్బ వాస్తవ్యుడను, ప్రభుత్వ ధ్రువీకృత స్థానికుడను అయిన పందుల జ్వరపు వైరస్ అను నేను, మానుపాటి అంకమ్మ గారిని ఏడేళ్లకు పైగా ఎరుగుదును. ఆమె దొడ్డిలోనే నేను నివాసముంటిని. ఆమె ఈ ఊరిదేనని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.’ కింద, వైరస్ తరఫున సంరక్షకుడు అని సంతకం పెట్టి, ఆసుపత్రి ముద్ర కొట్టాడు.

గార్డు కూడబలుక్కుని చదివాడు. ముద్ర దగ్గరికి వచ్చేసరికి నిటారుగా నిలబడ్డాడు. “స్థానికుడే రాసిచ్చినప్పుడు నాదేముంది సార్” అని గేటు బార్లా తెరిచాడు. పందుల సంగతి బోర్డులో ఏమీ లేదు కాబట్టి అవి కూడా లోపలికి వెళ్లాయి.

అంకమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మడత పెట్టి రొంటిన దోపుకుంది. లోపలికి రెండడుగులు వేసి, ఏదో గుర్తుకొచ్చినట్టు మళ్లీ వెనక్కి వచ్చింది.

“సారూ, అదే చేత్తో ఇంకోటి రాపియ్యండి దాని చేత. మా మనవరాలికి హాస్టల్లో సీటుకి ఇట్టాటి కాగితమే కావాలన్నారు. మూడేళ్ల నించి ఆఫీసు చుట్టూ తిరగతన్నాం, మా మాట ఎవురూ నమ్మలా. దాని మాటయితే నమ్ముతారు.”

పూర్ణానందానికి నవ్వు రాలేదు. సంచిలోంచి ఇంకో కాగితం తీసి, “పాప పేరేంటి?” అని అడిగాడు.